వెనక బెంచీ

కెప్టెన్ ఎల్‌బ్రిడ్జ్ థేయర్ చెడ్డవాడు కాడు. ఈ మాట మొదటే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. చెడ్డవాడే అయితే మసాచుసెట్స్‌లో, తన ఇంట్లో, పొయ్యి పక్కన హాయిగా కూర్చుని పుస్తకం పూర్తిచేసుకునేవాడు. బానిసత్వం మీద ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన యుద్ధంలో తాను నడిపిన నల్ల సైనికుల మీద ఆయన రాస్తున్న జ్ఞాపకాలు మూడు వందల పేజీలు దాటాయి. ఒక్క అధ్యాయం మాత్రం ఎన్నిసార్లు రాసినా గొంతులో ముల్లులాగే ఉంది. దక్షిణాదిన వాళ్ళుండే దీవి మళ్ళీ ఒకసారి చూసి, పాత సైనికుల నోట నాలుగు పాటలు, నాలుగు కబుర్లు విని వస్తే అదే కుదురుతుందని ఇంట్లో చెప్పి బయలుదేరాడు. మే నెలలో రెజిమెంటు ఆఫీసర్ల విందు ఉంది. కల్నల్ గారు వస్తారు. అక్కడ ఆ పుస్తకంలో కొంత చదివి వినిపిస్తానని మాట కూడా ఇచ్చేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం పడవ దిగేసరికి రేవంతా జనం. ఆడవాళ్ళు కానుకగా గుడ్లు ఏప్రన్లలో కట్టుకుని వచ్చారు. మగవాళ్ళలో సగం మంది తన పాత కంపెనీ సైనికులే. వాళ్ళు టోపీలు తీసి నిటారుగా నిలబడితే కెప్టెన్‌కి కళ్ళు చెమర్చాయి. అలా చెమరుస్తూనే వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే వెతికాడు. ఒక మొహం లేదు. ఛాతీలోంచి బరువు దిగినట్టయింది. అలా దిగినందుకు మళ్ళీ సిగ్గుపడ్డాడు.

"మా కెప్టెన్ బాబే! ఏం నాయనా, నెత్తంతా పత్తి విచ్చుకుంది! ఈ ఏడు నీకే మంచి పంట!" అంటూ బైనా అవ్వ జనాన్ని తోసుకుని వచ్చింది. ఎనభై ఏళ్ళుంటాయి. ఆవిడ కొడుకు ఫార్చూన్ కెప్టెన్ కంపెనీలోనే చచ్చిపోయాడు. అవ్వ ఆయన రెండు చేతులూ తీసుకుని తన బుగ్గలకి ఆనించుకుంది. "నా బిడ్డ నోట్లో అక్షరం పెట్టిన చెయ్యి ఇది. ఒక్కసారి చూసి పోదామని ఇన్నాళ్ళూ ప్రాణం బిగబట్టుకున్నాను."

చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది ఆయనకి. తీసుకోలేదు.

టైటస్ ఇంటి పెరట్లో ఆల్చిప్పలు కాల్చారు. ఇనప రేకు కింద మంట పెట్టి, చిప్పలు పరిచి, పైన తడి గోనె కప్పితే ఆవిరికి ఒక్కొక్కటే నోరు తెరుస్తాయి. టైటస్ అప్పట్లో కార్పొరల్, ఇప్పుడు ప్రార్థన ఇంటికి పెద్ద. ముక్కు మీద కళ్ళద్దాలు, నడకలో గాంభీర్యం వచ్చాయి. కాని చిప్ప తెరిచే వేళ్ళలో పాత చురుకు పోలేదు. కత్తి మొన దూర్చి ఒక్క తిప్పు తిప్పి, మాంసం ఉన్న సగం కెప్టెన్ పళ్ళెంలో పెడుతున్నాడు. పక్కన అన్నం, చిలగడదుంపలు. ఫలానా వాడేం చేస్తున్నాడు, ఫలానా వాడు ఎప్పుడు పోయాడు అని కెప్టెన్ అడుగుతున్నాడు, చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఒక్క పేరు తప్ప అందరి పేర్లూ అడిగాడు.

జనం పలచబడ్డాక ఆ పేరు టైటసే ఎత్తాడు.

"లైమస్ సంగతి మీరొచ్చారు గనక ఇక తేలిపోతుంది బాబూ. మీ కోసమే ఆగిపోయింది."

"ఏ సంగతి?"

"వెనక బెంచీ మీద ఉన్నాడు కదా వాడు."

కెప్టెన్‌కి అర్థంకాలేదు. టైటస్ కత్తి కింద పెట్టి, చేతులు గోనెకి తుడుచుకుని చెప్పాడు. "మేము కోర్టుకి పోం. మాది ఇంటి న్యాయం. ఒకడి మీద తప్పు పడితే ప్రార్థన ఇంట్లో వెనక బెంచీ మీద కూర్చోబెడతాం. వాడు పాట ఎత్తకూడదు, నలుగురితో అడుగు కలపకూడదు, పండగ రొట్టె ముట్టకూడదు. వాడు ఒప్పుకోకపోతే, తప్పు పడ్డవాడూ, మోపినవాడూ ఎదురెదురుగా నిలబడి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని జరిగింది చెప్పుకోవాలి. అప్పుడు గాని లేవడానికి లేదు. మనిషి వెనకాల న్యాయం చెప్పడం మాకు నిషేధం. మరి మోపింది మీరు. మీరేమో ఉత్తరాదికి వెళ్ళిపోయారు."

"నేను సైన్యానికి నివేదిక రాశాను టైటస్. మీ ప్రార్థన ఇంటికి రాయలేదే!"

"చదవడం నేర్పింది మీరే కద బాబూ," అన్నాడు టైటస్, నవ్వుతూనే. "కల్నల్ గారి గుడారం ఊడ్చడానికెళ్ళి బల్ల మీదున్న కాగితం నేనే చదివాను. 'దారి చూపిన సార్జెంట్ లైమస్ కేపర్స్ ఆటు వేళ తప్పు లెక్కగట్టడం వల్ల పడవ బురదలో కూరుకుపోయి ముగ్గురు మరణించారు.' నా జన్మలో నేను గడగడా చదివిన మొదటి కాగితం అదే. మా తమ్ముడు ఏబ్రమ్ ఆ ముగ్గురిలో ఒకడు. బయటికొచ్చి అందరికీ చెప్పాను. మీరు రాశారంటే ఇంకేముంది, అది వేదమే మాకు."

కెప్టెన్ చేతిలోని చిన్న పుస్తకం మూసేశాడు.

"ఇరవై మూడేళ్ళా?" అన్నాడు. "ఇరవై మూడేళ్ళ నుంచీ ఆ బెంచీ మీదే కూర్చున్నాడా?"

"ఒక్క ఆదివారం మానలేదు. తప్పయిందని ఒక్క మాటంటే ఆనాడే లేచిపోయేవాడు. మేం చెప్పీ చెప్పీ అలిసిపోయాం. వాడు రాయి. మొన్న జనవరిలో పెళ్ళాం పోయింది, డోర్కస్. శవం దగ్గర మేం పాడుతుంటే గుమ్మం బయట నిలబడ్డాడు. అది నేనే చూడలేకపోయాను. వెళ్ళి, 'ఒరే, ఒక్క మాట అనెయ్యరా, లోపలికొచ్చి నీ పెళ్ళానికి పాట ఎత్తరా' అన్నాను. 'నేను చెయ్యనిదానికి దాని శవం ముందర అబద్ధం ఆడమంటావా?' అన్నాడు. నేను లోపలికి వచ్చేశాను." టైటస్ మళ్ళీ కత్తి అందుకున్నాడు. "మీరు వస్తున్నారని తెలిసి నిన్న వాడే కబురు పెట్టాడు, ఆదివారం ఎదురెదురు పెట్టమని. మీరు కష్టపడాల్సిందేం లేదు బాబూ. అప్పుడు రాసిందే మళ్ళీ చెప్పండి. మీ నోట వింటే వాడి మొండిపట్టు దిగుతుంది, తల వంచుతాడు, బైనా అవ్వ చెయ్యిచ్చి లేవదీస్తుంది. అయిపోతుంది. వాడిక్కూడా వయసు మీద పడింది పాపం."

ఇంకో చిప్ప వచ్చి పళ్ళెంలో పడింది.

శనివారం పొద్దున్నే కెప్టెన్ ఒక్కడే బయలుదేరి వెళ్ళాడు. లైమస్ ఇంట్లో లేడు. నీరు తీసి ఆటు పట్టింది గనక ఉప్పుటేటి పాయలో బురద తవ్వుతున్నాడని పక్కింటామె చెప్పింది. మార్చి నెల. పత్తి విత్తేలోగా పాయ అడుగున ఉన్న నల్లబురద తీసి చాళ్ళలో వెయ్యాలి. ఆ దీవుల్లో అదే ఎరువు. నీరు తీసిన మూడు నాలుగు గంటల్లోనే ఆ పని.

దూరం నుంచే గుర్తుపట్టాడు. అరవై దాటిన మనిషి, ఎండిన తాడులా ఉన్నాడు. మోకాళ్ళ దాకా మడిచిన లాగు, బురదలో పరిచిన పలక మీద రెండు పాదాలు. పొడుగాటి పారని ఏటవాలుగా దించి, ఇటుకలా కోసి, అడుగు నుంచి ఎత్తి, పక్కనున్న చదును పడవలోకి జారవిడుస్తున్నాడు. దించడం, కొయ్యడం, ఎత్తడం, జార్చడం. కెప్టెన్ ఒడ్డున నిలబడి పది పన్నెండు పారలు లెక్కపెట్టి ఉంటాడు.

"చొక్కా పాడవుతుంది, అక్కడే ఉండండి కెప్టెన్ గారూ," అన్నాడు లైమస్, తల తిప్పకుండా.

"బావున్నావా సార్జెంట్?"

"సార్జెంట్ ఎవరూ లేరిక్కడ. లైమస్ ఉన్నాడు."

నిజమే. అతని చొక్కా చేతికున్న సార్జెంట్ పట్టీలు ఆనాడే రెజిమెంటు మొత్తం బారులు తీరి చూస్తుండగా కత్తిరించారు. కత్తెర పట్టుకున్నవాడు వేరే. కాని రెండడుగుల దూరంలో నిలబడి, ఆ వేళప్పుడు తన బూట్ల వంక చూసుకున్నవాడు కెప్టెనే.

"నీ విషయం నిన్ననే తెలిసింది. ఒట్టు. ఇక్కడ ఇలా జరుగుతోందని నాకు తెలియదు లైమస్."

"తెలియదు. మీకు ఎవరు రాస్తారు?" పార దిగింది, లేచింది.

కెప్టెన్ వచ్చింది మాట్లాడడానికి. దారంతా మాటలు కూర్చుకున్నాడు కూడా. అవి నోటికి రాక ఒడ్డు దిగి రెండడుగులు వేశాడు. మూడో అడుగుకి కాలు మోకాలి దాకా దిగిపోయింది. రెండో కాలు ఆసరా కోసం వేస్తే అదీ దిగింది. బురద చల్లగా, మెత్తగా పిక్కలు పట్టుకుంది. ఆ పట్టు ఆయనకి తెలుసు. గట్టు మీద ఎవరూ లేరు, తుపాకులూ లేవు, పొద్దుటి ఎండలో కొంగలు నడుస్తున్నాయి. అయినా ఆయన తల దించేసుకున్నాడు.

లైమస్ పార వెనక్కి తిప్పి కర్ర చివర అందించాడు. "గుంజుకోకండి. గుంజుకుంటే ఇంకా దిగుతారు. మడమ లేపండి ముందు. ఊఁ, అలా." నిదానంగా లాగి పలక మీదికి చేర్చాడు. ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. దాన్నీ చేత్తో దేవి తీసి, నీళ్ళు ఒంపేసి ఇచ్చాడు. "చెప్పానా, చొక్కా పాడవుతుందని!"

ఇద్దరూ పడవ అంచు మీద కూర్చున్నారు. కెప్టెన్ బూటు చేత్తో పట్టుకుని, కూర్చుకున్న మాటల్లో మొదటిది చెప్పాడు.

"నేనొకటి అనుకున్నాను. రేపు ఇద్దరం ఒక్క మాటే చెబుదాం. తప్పు నీదీ కాదు, ఎవరిదీ కాదు. ఆటు మనల్ని మోసం చేసింది. పుస్తకంలో కూడా అలాగే రాశాను. నీ పేరు ఎత్తనేలేదు."

లైమస్ పారకంటిన మట్టి బొటనవేలితో గీకుతూ విన్నాడు.

"ఆటు ఎవర్నీ మోసం చెయ్యదు కెప్టెన్ గారూ. అది దాని వేళకి వస్తుంది, దాని వేళకి పోతుంది. మోసం మనుషుల పని. పదేళ్ళప్పటి నుంచి దొర వరిమళ్ళకి తూము కాపరిని నేను. ఏ క్షణాన తూము తియ్యాలో, ఏ క్షణాన ముయ్యాలో ఒక్కసారి తప్పినా ఉప్పునీళ్ళు మళ్ళలోకి వచ్చేవి, దొర కొరడా నా వీపు మీదికి వచ్చేది. ఈ వీపు మీద చాలా ఉన్నాయి. నీళ్ళ వేళ తప్పినందుకు పడ్డది ఒక్కటీ లేదు."

కెప్టెన్‌కి ఇదంతా తెలుసు. తెలిసే కదా ఆరోజు అతన్ని దారి చూపడానికి పెట్టుకున్నాడు. జులై నెల పొద్దున, పాయ వెంట పడవలో దాడికి వెళ్ళినప్పుడు, దొర వదిలేసి పారిపోయిన ఆ ఇంటి వరండాలో నిలబడి పెట్టెలు మోయిస్తున్నాడు తను. లైమస్ వచ్చి, "నీళ్ళు తిరిగాయి, కదలాలి," అన్నాడు. ఇంకో రెండు పెట్టెలు అన్నాడు తను. లైమస్ మళ్ళీ వచ్చాడు. మూడోసారి టోపీ తీసి చేత్తో పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు. తను పాయ వంక చూశాడు. నిండుగా, నున్నగా ఉంది. కొండల్లో పుట్టినవాడు, నది అంటే ఎప్పుడూ ఒకే వైపు పోయేదని తెలిసినవాడు. "నీళ్ళు బోలెడు ఉన్నాయి కదయ్యా, ఎందుకంత భయం?" అన్నాడు. భయం అన్న మాట వాడాడు, నలుగురూ వింటుండగా. ఆ మాటకి లైమస్ టోపీ పెట్టుకుని వెళ్ళి తెడ్డు పట్టుకున్నాడు.

"నీ పట్టీలు తిరిగి ఇప్పించమని ప్రభుత్వానికి రాస్తాను," అన్నాడు కెప్టెన్.

"పట్టీలేం చేసుకోను? ఈ లాగుకి కుట్టుకోనా?"

"నా మీద నీకు కోపం లేదా?"

"ఎందుకు లేదూ, ఉంది. కాకపోతే లేస్తే బురద తియ్యాలి, విత్తాలి, కలుపు తియ్యాలి. రోజంతా పెట్టుకు కూర్చోడానికి నాకు తీరికెక్కడిది?" లైమస్ లేచి పలక మీద నిలబడ్డాడు. "డోర్కస్ పోయినరోజు మాత్రం పనేమీ చెయ్యలేదు. ఆరోజు రోజంతా ఉంది."

కెప్టెన్ తడి బూటు కాలికి తొడుక్కున్నాడు. "రేపు ఏం చెప్పమంటావు? నువ్వేం చెప్పమంటే అది చెబుతాను."

"నేను చెప్పిస్తే అది నా మాటవుతుంది. నా మాట నా దగ్గరుంది, మీది నాకెందుకు? మీరు మీది చెప్పండి, నేను చెయ్యిస్తాను, వింటాను. అంతే." పార దించాడు. "ఇక కదలండి. పోటు వచ్చేలోగా పడవ నింపుకోవాలి."

ఆ మధ్యాహ్నమంతా కెప్టెన్ టైటస్ ఇంటి అరుగు మీద రాతప్రతి ముందేసుకుని కూర్చున్నాడు. ఆ పేజీ తీశాడు. "ఆటు మమ్మల్ని వంచించింది, ముగ్గురు ధీరులు నేలకొరిగారు." మంచి వాక్యమే. దాన్ని కొట్టేసి "నేను" అని రాశాడు. ఆ ఒక్క మాట పక్కన ఏ మాటా నిలబడలేదు. కల్నల్ గారు, విందుకి రాబోయే గవర్నరు గారు, ఇంట్లో భార్య, అందరూ వరసకట్టి కళ్ళ ముందుకొచ్చారు. టైటస్ చెప్పింది ఎంత సుళువు! రాసిందే మళ్ళీ చెబితే చాలు. ముసలాడు తల వంచుతాడు, ముందుకి వస్తాడు, పాట ఎత్తుతాడు. అందరికీ మంచే జరుగుతుంది. ఎవరికి నష్టం? అలా అనుకుంటూ ఆయన చాలాసేపు తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. చీకటి పడకముందే పడుకున్నాడుగాని నిద్ర పట్టిందని చెప్పలేం.

ప్రార్థన ఇల్లు అంటే పెద్ద భవనమేం కాదు. సున్నం వేసిన చెక్క గోడలు, అటు నాలుగు ఇటు నాలుగు వీపు లేని బెంచీలు. ముందువైపు టైటస్ బల్ల పక్కన ఒకే ఒక్క కుర్చీ. దాని మీద ఎవరో కొత్త బొంత మడిచి వేశారు. అది కెప్టెన్‌కి. గుమ్మం పక్కన, గాలి కొట్టే చోట, పొట్టి బెంచీ ఒకటుంది. దాని మీద లైమస్ ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ బెంచీ నడుమ చెక్క అరిగి, ఒక్క మనిషి కూర్చునేంత మేర నున్నబడి ఉంది.

ప్రార్థన అయ్యాక టైటస్ లేచాడు. "ఫార్చూన్, ఏబ్రమ్, చిన్న కైరో. ముగ్గురి ప్రాణాల సంగతి ఇది. మోపినవాళ్ళు వచ్చారు, పడ్డవాడు ఉన్నాడు. ఎదురెదురు నిలబడండి."

లైమస్ నడిచి వచ్చాడు. కుడిచెయ్యి చాచాడు. కెప్టెన్ పట్టుకున్నాడు. ఆ అరచెయ్యి ఎండిన చెప్పు తోలులా ఉంది. బొటనవేలి గోరు కింద నిన్నటి నల్లబురద ఇంకా పోలేదు.

"మొహం చూస్తూ చెప్పాలి బాబూ," అన్నాడు టైటస్, మెల్లగా.

కెప్టెన్ చూశాడు. ఆయనకి ఉపన్యాసాలు కొత్త కాదు. "మిత్రులారా, ఆనాడు..." అని మొదలుపెట్టాడు. లైమస్ కళ్ళు ఆయన కళ్ళలోనే ఉన్నాయి. వాటిలో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. పడవ వస్తుందో రాదో అని రేవులో నిలబడినవాడి చూపు అది. ఇరవై మూడేళ్ళు నిలబడిన చూపు.

"అతను చెప్పాడు," అన్నాడు కెప్టెన్. "నీళ్ళు తిరిగాయని అతను చెప్పాడు. నేనే వినలేదు."

బెంచీల మీద ఎక్కడో కిర్రుమంది.

"ఎన్నిసార్లు చెప్పాడు?" టైటస్ అడిగాడు.

"మూడుసార్లు."

"మూడుసార్లు చెప్పాడంట," అని టైటస్ జనానికి తిరిగి చెప్పాడు. అది అక్కడి రివాజు. తర్వాత కెప్టెన్ వైపు తిరిగాడు. "మరి మీరు ఆగింది దేనికి?"

"పుస్తకాల కోసం. ఆ ఇంట్లో ఏడు పెట్టెల పుస్తకాలున్నాయి. మన బడికి పనికొస్తాయని..." అక్కడ ఆగాడు. చేతిలో చెయ్యి కదలలేదు. "కాదు. బడికి ఒక్కటీ ఇవ్వలేదు. అవి మా ఇంట్లో ఉన్నాయి. వాళ్ళు ముగ్గురూ బురదలో దిగి పడవ తోస్తుంటే గట్టు మీద నుంచి శత్రువులు కాల్చారు. నేను పెట్టెల వెనక పడుకున్నాను. మర్నాడు నివేదికలో తప్పు లైమస్‌దని రాశాను. అబద్ధం రాశాను. తెలిసే రాశాను."

బైనా అవ్వ ముందు బెంచీ మీద నుంచి చేతికర్ర ఊతంగా లేచింది.

"ఆ పుస్తకాలు చదివావా నాయనా?"

"చదివాను అవ్వా. కొన్ని."

"బావున్నాయా?"

ఏం చెబుతాడు? బావున్నాయంటే ఒక పాపం, బాగాలేవంటే ఇంకో పాపం. అవ్వ జవాబు కోసం కాసేపు చూసి, ఇక చూడడం మానేసింది. లైమస్ వైపు తిరిగింది. అతని చెయ్యి కెప్టెన్ చేతిలోంచి విడదీసి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఒరే కొడకా! నీ ఇంటి ముందు నుంచి పోవాల్సొస్తే మొహం అటు తిప్పుకుని పోయాను రా. నీ పెళ్ళాం పురుడప్పుడు పిలిస్తే రాలేదు రా నేను!" అని భోరుమంది. లైమస్ ఆవిడని పొదివి పట్టుకున్నాడు.

టైటస్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "కాగితం చదివింది నేను. ఊరంతా మోసింది నేను. ఎదుటి మనిషిని అడగకుండా కాగితాన్ని నమ్మాను. ఇంటి న్యాయం ప్రకారం అబద్ధం మోసినవాడు కూడా కూర్చోవాలి." ఇంకెవరి మాటకీ చూడకుండా నడుచుకుంటూ వెనక్కి వెళ్ళి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నాడు. పోతూ పోతూ లైమస్ భుజం మీద చెయ్యి వేసి, "పాట ఎత్తరా," అన్నాడు. "మొన్న డోర్కస్‌కి ఎత్తాల్సింది ఎత్తు."

లైమస్ నేల వంక చూస్తూ ఎత్తాడు. ఇరవై మూడేళ్ళు వాడని గొంతు, మొదటి రెండు మాటలు పగిలిపోయాయి. ఆడవాళ్ళు అందుకున్నారు. బెంచీలు గోడలకి జరిపి, అడుగు వెనక అడుగు కలిపి, వలయం కట్టి తిరగడం మొదలుపెట్టారు. నేల చెక్కలు దడదడలాడాయి. లైమస్ నడిమిన ఉన్నాడు. కళ్ళు మూసుకుని పాడుతున్నాడు.

కెప్టెన్ నిలబడిన చోటే నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. జనం ఆయన పక్క నుంచే, భుజం తగలకుండా తప్పుకుని తిరుగుతున్నారు. వెనక్కి చూస్తే బొంత వేసిన కుర్చీ. దాని మీద కూర్చోవడం ఇక ఈ జన్మకి కాని పని. గోడ వారగా నడిచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. టైటస్ పక్కన ఒక మనిషికి చోటుంది. చెప్పాల్సింది చెప్పేశాడు. తన చోటు ఇదే. ఇక్కడ ఎన్నాళ్ళు కూర్చోమంటే అన్నాళ్ళు కూర్చుంటాడు, పడవ పోతే పోనీ. అలా అనుకోగానే ఎన్నో ఏళ్ళకి మొదటిసారి మనసు కుదుటపడింది. కూర్చోబోయాడు.

టైటస్ అరచెయ్యి చెక్క మీద పరిచాడు.

"ఇక్కడ కాదు బాబూ."

"నా తప్పే కదా టైటస్. నీకంటే నాది పెద్దది."

"పెద్దదే. కాని ఇది మావాళ్ళ బెంచీ. ఇక్కడ కూర్చున్నవాణ్ణి ఏదో ఒకనాడు మేం లేవదీయాలి. మిమ్మల్ని లేవదీయడం మా వల్ల కాదు." గొంతులో కోపం లేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతున్నాడు. "మీరు రాసింది మీవాళ్ళ కాగితం మీద. ఆ కాగితం ఇంకా మీవాళ్ళ దగ్గరే ఉంది. అక్కడికి వెళ్ళి, మీవాళ్ళ వెనక బెంచీ మీద కూర్చోండి."

కెప్టెన్ నిటారుగా నిలబడ్డాడు. టోపీ పెట్టుకుని బయటికి వచ్చాడు. ఎండ చురుక్కుమంది. లోపల పాట వేగం అందుకుంది. రేవు దాకా ఇసుక దారిలో నడుస్తూ ఆయన తనవాళ్ళ గదులన్నీ ఒక్కొక్కటే తలచుకున్నాడు. వాళ్ళ ఊరి చర్చి, టౌన్ హాలు, మే నెలలో ఆఫీసర్ల విందు జరిగే ఆ పొడుగాటి గది. అన్నిట్లోనూ తన పేరున్న కుర్చీ ముందు వరసలోనే ఉంది. వెనక బెంచీ మాత్రం, ఎంత వెతికినా, ఏ గదిలోనూ కనబడలేదు.